చుక్క ఏం చేస్తుందో చెప్పకుండా క్లాసులు నేర్పొద్దు

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో క్లాసులు (డేటానూ దాని మీద పనిచేసే ఫంక్షన్లనూ ఒకచోట పెట్టే బ్లాకులు) రాయడం మొదలుపెట్టినవాళ్లకు తొలిరోజుల్లో ఎదురయ్యే ఎర్రర్ ఒకటుంది. క్లాసు లోపల డెఫ్ అని మొదలుపెట్టి సగటు అనే మెథడ్, అంటే క్లాసు లోపలి ఫంక్షన్, రాస్తారు. బ్రాకెట్లు ఖాళీగా వదిలేస్తారు. పిలిచేటప్పుడు కూడా బ్రాకెట్లు ఖాళీయే. అయినా పైథాన్ టైప్‌ఎర్రర్ ఇస్తుంది: ఈ మెథడ్ సున్నా ఆర్గ్యుమెంట్లు (పిలిచేటప్పుడు ఇచ్చే విలువలు) తీసుకుంటుంది, మీరు ఒకటి ఇచ్చారు, అని. నేనేమీ ఇవ్వలేదే అంటారు రాసినవాళ్లు. వాళ్లు చెప్పేది నిజమే. పైథాన్ చెప్పేదీ నిజమే.

ఇక్కడ దొరికే జవాబు మామూలుగా ఒక్క ముక్క: "మెథడ్‌లో మొదట సెల్ఫ్ పెట్టాలి, అంతే." పెడతారు, ఎర్రర్ పోతుంది, పాఠం ముందుకు వెళ్లిపోతుంది. ఆ ఒక్క ఆర్గ్యుమెంట్ ఇచ్చిందెవరన్న ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోతుంది. క్లాసుల విషయంలో కొత్తవాళ్లు చేసే తప్పుల జాబితాలు కావలసినన్ని ఉన్నాయి. ఒక్కో తప్పు, దాని పక్కనే ఒక్కో దిద్దుబాటు, బట్టీ పట్టడానికి వీలుగా. నాకు ఆ జాబితాల మీద నమ్మకం లేదు. ఆ తప్పుల్లో చాలావరకు విడివిడి తప్పులు కావు. రెండే రెండు సంగతులు ఎవరూ విప్పి చెప్పకపోవడం వల్ల వచ్చినవి. ఒకటి, పేరు పక్కన పెట్టే చుక్క ఏం చేస్తుంది. రెండు, క్లాసు అనే బ్లాకు ఎప్పుడు నడుస్తుంది.

చెప్పకపోగా, ఆ రెండింటినీ కప్పేసే పోలిక ఒకటి చెప్తారు. క్లాసు అంటే ఇంటి ప్లాను, ఆబ్జెక్ట్ అంటే ఆ ప్లాను చూసి కట్టిన ఇల్లు. వినడానికి బాగుంటుంది. జావా, సీ ప్లస్ ప్లస్ నేర్పేటప్పుడు ఆ పోలికతో కొంతదూరం నడవచ్చు కూడా. పైథాన్‌లో మాత్రం ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ ఆ ప్లాను కూడా ఒక ఆబ్జెక్టే. దాని సామాన్లు దానికున్నాయి. కట్టిన ప్రతి ఇల్లూ తన దగ్గర లేనిదాని కోసం ప్రతిసారీ వెళ్లి ఆ ప్లానునే అడుగుతుంది. ప్లానులో ఏదైనా మారిస్తే కట్టేసిన ఇళ్లలో కూడా మారిపోతుంది. ఇంటి ప్లాను అలా ప్రవర్తించదు కదా. పోలికను నమ్మినవాళ్లే మోసపోతారు, నమ్మనివాళ్లకు ఇబ్బంది లేదు.

ముందుకు వెళ్లే ముందు ఒక చిన్న మాట. ఈ వ్యాసంలో క్లాసుల పేర్లు, వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెడుతున్నాను. ఇది నా సరదా కాదు, పైథాన్ 3.0 నుంచి పేర్లను తెలుగులో పెట్టుకోవచ్చు, నిజంగానే నడుస్తాయి. డెఫ్, క్లాస్, ఇఫ్ లాంటి కీవర్డులు మాత్రం టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. సెల్ఫ్ కీవర్డు కాదు. అది మామూలు పేరు, దాని బదులు ఇంకేం పెట్టినా పైథాన్‌కు పట్టింపు లేదు. చదివేవాళ్లకు పట్టింపు ఉంటుంది కాబట్టి అందరూ సెల్ఫ్ అనే రాస్తారు.

ఇక చుక్క సంగతి. విద్యార్థి అనే క్లాసు ఉంది, అందులో సగటు అనే మెథడ్ ఉంది, రవి అనేది ఆ క్లాసుతో తయారైన ఆబ్జెక్ట్ అనుకుందాం. రవి.సగటు అని రాయగానే పైథాన్ ముందు రవి సొంత సామాన్లలో సగటు అనే పేరు ఉందా అని చూస్తుంది. లేకపోతే విద్యార్థి క్లాసులో చూస్తుంది, అక్కడా లేకపోతే దాని మాతృ క్లాసుల్లో, అంటే అది ఏ క్లాసుల మీద ఆధారపడి పుట్టిందో వాటిలో. క్లాసులో దొరికింది ఫంక్షన్ అయితే దాన్ని ఉన్నదున్నట్టు మీ చేతికి ఇవ్వదు. చుక్కకు ఎడమపక్క ఉన్న రవిని ఆ ఫంక్షన్‌కు మొదటి ఆర్గ్యుమెంట్‌గా జతచేసి, రెంటినీ కలిపి ఇస్తుంది. దాన్నే బౌండ్ మెథడ్ అంటారు. ఆ తరవాత బ్రాకెట్లు పెట్టి పిలిస్తే లోపల జరిగేది విద్యార్థి.సగటు(రవి). ఆ ఆర్గ్యుమెంట్ ఇచ్చింది చుక్క.

ప్రాపర్టీ (చుక్కతో చదివితే వెనక ఫంక్షన్ నడిపే ఏర్పాటు) లాంటివి ఈ వెతుకులాట వరసను కొంచెం మారుస్తాయి. మొదటి నెలలో ఆ వివరం అక్కర్లేదు. పై పేరా మాత్రం మొదటి రోజే కావాలి.

ఎందుకంటే ఆ ఒక్క పేరాతో రెండు ఎర్రర్లు ఒకేసారి విడిపోతాయి. మొదటిది పైన చెప్పిందే. రెండోది దానికి సరిగ్గా తలకిందులు: విద్యార్థి.సగటు() అని క్లాసు పేరుతోనే పిలుస్తారు, పైథాన్ సెల్ఫ్ అనే ఆర్గ్యుమెంట్ ఒకటి తక్కువైందంటుంది. చుక్కకు ఎడమపక్క ఆబ్జెక్ట్ లేదు, జతచేయడానికి ఏమీ దొరకలేదు. కొందరు ఇక్కడ సెల్ఫ్ అడుగుతోంది కదా అని బ్రాకెట్లలో సెల్ఫ్ అనే పేరే రాసేస్తారు. అప్పుడు నేమ్ఎర్రర్, అలాంటి పేరే లేదని. నవ్వడం తేలిక. పైథాన్ అడిగింది ఇవ్వబోయారు, అంతేగా.

ఈ సెల్ఫ్ పద్ధతి మీద గొడవలు కొత్తవి కావు. 1991 ఫిబ్రవరిలో పైథాన్‌ను కట్టిన గైడో వాన్ రోసమ్ బయటపెట్టిన 0.9.0 వెర్షన్‌లోనే క్లాసులు ఉన్నాయి. సెల్ఫ్‌ను బాహాటంగా రాయాలన్న ఆలోచన మాడ్యులా-3 భాష నుంచి వచ్చింది. దాన్ని తీసేయమని అడిగినవాళ్లకు 2008లో గైడో వివరంగా జవాబు రాశారు. అందులోని ఒక వాదం నాకు అసలైనదిగా తోస్తుంది: రవి.సగటు() అన్నా విద్యార్థి.సగటు(రవి) అన్నా ఒకటే అన్న సమానత్వం సెల్ఫ్ వల్లే కంటికి కనిపిస్తుంది. మెథడ్ అనేది వేరే జాతి వస్తువు కాదు, క్లాసులో పెట్టిన ఫంక్షన్, అంతే. భాషను కట్టిన మనిషి ఆ సమానత్వాన్ని కాపాడటానికి అంత పట్టుబడితే, నేర్పేవాళ్లు ఆ రెండు వరుసలనూ పక్కపక్కన రాసి చూపించకపోవడం నాకు వింతగా ఉంటుంది.

బ్రాకెట్లు మర్చిపోవడం కూడా చుక్క కథే. రవి.సగటు అని రాసి ప్రింట్ చేస్తే అంకె బదులు బౌండ్ మెథడ్ అంటూ పొడుగాటి వరుస వస్తుంది. ఇది మంచి తప్పు, కనిపిస్తుంది కాబట్టి. చెడ్డది ఇఫ్ లోపల జరిగేది. పాసయ్యారా అనే మెథడ్ ఉంది. ఇఫ్ రవి.పాసయ్యారా: అని రాస్తారు, బ్రాకెట్లు లేకుండా. పైథాన్ దృష్టిలో బౌండ్ మెథడ్ ఒక ఆబ్జెక్ట్. సున్నానో ఖాళీ లిస్టో కాని ఆబ్జెక్ట్‌ను అది మామూలుగా ట్రూగానే లెక్కేస్తుంది. కాబట్టి రవి పాసవుతాడు. అందరూ పాసవుతారు. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు. అన్నీ పాసయ్యే ఉదాహరణలతో పరీక్షించుకుంటే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. "బ్రాకెట్లు మర్చిపోకండి" అని చెప్పి ఊరుకుంటే లాభం లేదు, మర్చిపోతారు, నేనూ మీరూ కూడా. చుక్క దగ్గర ఆగితే చేతికి వచ్చేది పిలవడానికి సిద్ధంగా ఉన్న మెథడ్ అని తెలిసినవాళ్లు ఆ ఇఫ్‌ను రెండోసారి చదివినప్పుడైనా పట్టుకుంటారు.

రెండో సంగతికి వస్తాను. నా లెక్కలో ఇదే ఎక్కువమందిని ఏడిపిస్తుంది.

క్లాసు బ్లాకు నడుస్తుంది. ఆబ్జెక్ట్ తయారైనప్పుడు కాదు, పైథాన్ ఫైలును పైనుంచి కిందికి చదువుకుంటూ ఆ వరుసకు వచ్చినప్పుడు. ఒక్కసారే. అనుమానం ఉంటే క్లాసు లోపల, ఏ మెథడ్‌లోనూ కాకుండా, ఒక ప్రింట్ పెట్టి చూడండి. ఒక్క ఆబ్జెక్ట్ కూడా చేయకముందే అది తెరమీద పడుతుంది. వంద ఆబ్జెక్టులు చేసినా మళ్లీ పడదు. క్లాసుల పాఠంలో అన్నిటికంటే ముందు నడపాల్సిన ప్రోగ్రాం ఇదేనని నా అభిప్రాయం. పాఠాల్లో మాత్రం చాలా అరుదుగా చూశాను.

ఇది తెలియనివాళ్లు విద్యార్థి క్లాసును ఇలా రాస్తారు: క్లాసు పేరు కింద మొదటి వరుసలోనే మార్కులు = [] అని ఖాళీ లిస్టు. దాని కింద చేర్చు అనే మెథడ్, అందులో సెల్ఫ్.మార్కులు.అపెండ్(మార్కు). రవికి 90 చేర్చారు. లత మార్కులు ప్రింట్ చేస్తే అక్కడా 90 కనిపిస్తుంది. ప్లాను పోలిక విన్నవాళ్లకు ఇది అన్యాయంగా ఉంటుంది. ప్లానులో ఒక గది గీస్తే ప్రతి ఇంటికీ ఒక గది రావాలి కదా? కానీ ఆ వరుస నడిచింది ఒక్కసారి, పుట్టిన లిస్టు ఒక్కటి, అది ఉన్నది క్లాసు దగ్గర. రవిని మార్కులు అడిగితే చుక్క రవి సామాన్లలో వెతికింది, లేదు, క్లాసులో దొరికింది. లతను అడిగినా అదే దారి, అదే లిస్టు. పైథాన్ అధికారిక ట్యుటోరియల్‌లో కూడా కుక్కలు, అవి నేర్చుకున్న విద్యల ఉదాహరణతో ఈ తప్పును చూపించారు. అంటే ఇదేమీ మారుమూల విషయం కాదు.

ఇంతవరకు చాలా జాబితాల్లో ఉంటుంది. కొత్తవాళ్లు అసలు గందరగోళపడేది దీని తరవాత మెట్టులో. అదే క్లాసులో అపెండ్ బదులు సెల్ఫ్.మార్కులు = సెల్ఫ్.మార్కులు + [మార్కు] అని రాసి చూడండి. ఎవరి మార్కులు వాళ్లకే ఉంటాయి, తప్పు మాయం! కుడివైపు చదివేటప్పుడు క్లాసులోని ఖాళీ లిస్టు దొరికింది, కూడిక వల్ల కొత్త లిస్టు పుట్టింది, ఎడమవైపు చుక్కతో రాసినప్పుడు అది రవి సొంత సామాన్లలో చేరింది. చదవడానికి వెతుకులాట ఉంది, రాయడానికి మామూలుగా లేదు. సెల్ఫ్.ఏదైనా = అని రాస్తే అది నేరుగా ఆ ఆబ్జెక్ట్‌లోకే పోతుంది, క్లాసును తాకదు.

ఇప్పుడు దాన్నే కుదించి సెల్ఫ్.మార్కులు += [మార్కు] అనండి. రెండూ ఒకటే అనుకుంటాం. లిస్టుల విషయంలో కాదు. ఆ గుర్తు ఉన్న లిస్టునే పెంచుతుంది, అంటే క్లాసులోని ఉమ్మడి లిస్టు మళ్లీ పెరిగింది. పెరిగాక అదే లిస్టును రవి సామాన్లలో కూడా రాసింది. ఇప్పుడు ఆబ్జెక్ట్ సొంత సామాన్లను చూపించే వార్స్(రవి) అని అడిగితే మార్కులు రవి సొంతమన్నట్టే కనిపిస్తుంది. లతను అడిగితే అవే మార్కులు. సొంతంగా కనిపించే ఉమ్మడి ఆస్తి. ఒకే అర్థం వచ్చేలా ఉన్న మూడు రాతలు, మూడు ఫలితాలు. ఇక్కడ ఎవరైనా "పైథాన్‌లో ఏదో మాయ ఉంది" అనుకుంటే వాళ్ల తెలివితక్కువ కాదది. చదివేటప్పుడు వెతుకుతుంది, రాసేటప్పుడు వెతకదు అన్న ఒక్క మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అంకెలతో అయితే ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. ఎంతమంది విద్యార్థులు తయారయ్యారో లెక్కపెడదామని క్లాసులో మొత్తం = 0 పెడతారు, డండర్ ఇనిట్‌లో (ఆబ్జెక్ట్ తయారవగానే నడిచే __init__ మెథడ్, డండర్ అంటే పేరుకు ఇరువైపులా రెండేసి అండర్‌స్కోర్లు) సెల్ఫ్.మొత్తం += 1 అంటారు. ఎంతమందిని చేసినా విద్యార్థి.మొత్తం సున్నా దగ్గరే ఉంటుంది. ఒక్కొక్క ఆబ్జెక్ట్‌ను అడిగితే ఒకటి అంటుంది. చదివింది క్లాసులోని సున్నాను, రాసింది ఆబ్జెక్ట్‌లో ఒకటిని. కావలసింది విద్యార్థి.మొత్తం += 1. ఇందాక లిస్టు ఉమ్మడిగా ఉండొద్దనుకుంటే ఉండింది, ఇప్పుడు లెక్క ఉమ్మడిగా ఉండాలనుకుంటే ఉండటం లేదు. రెండు తప్పులనూ విడివిడిగా బట్టీ పట్టినవాళ్లకు ఇవి ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి.

క్లాసు దగ్గర వేరియబుల్స్ పెట్టడమే తప్పు అని కొందరు మరీ అవతలికి వెళ్తారు. అదీ సరికాదు. గరిష్ఠ_మార్కు = 100 లాంటిది అందరికీ ఒకటే, మారదు, దానికి క్లాసే సరైన చోటు. మారే లిస్టులు, డిక్షనరీలు మాత్రం డండర్ ఇనిట్ లోపల సెల్ఫ్ మీద పెట్టాలి. ఆ ఫంక్షన్ ప్రతి ఆబ్జెక్ట్‌కూ కొత్తగా నడుస్తుంది కాబట్టి లిస్టు కూడా కొత్తది పుడుతుంది.

పుడుతుంది అన్నానా, మెలిక ఇంకొకటి ఉంది. లిస్టును ఇనిట్ లోపల కాకుండా ఇనిట్ పారామీటర్లలో డిఫాల్ట్‌గా పెడితే, అంటే మార్కులు=[] అని బ్రాకెట్లలో రాస్తే, పాత జబ్బే తిరగబెడుతుంది. డిఫాల్ట్ విలువ లెక్కకట్టేది ఫంక్షన్‌ను పిలిచినప్పుడు కాదు, డెఫ్ వరుస నడిచినప్పుడు. క్లాసు బ్లాకు నడిచింది ఒక్కసారి, అందులోని డెఫ్ నడిచింది ఒక్కసారి, లిస్టు ఒక్కటి. మార్కులు ఇవ్వకుండా చేసిన విద్యార్థులందరూ దాన్నే పంచుకుంటారు. డిఫాల్ట్‌గా నన్ (None, ఏమీ లేదని చెప్పే విలువ) పెట్టి, లోపల అది నన్ అయితే కొత్త లిస్టు చేయడం అందరికీ తెలిసిన మందు. ఈ తప్పును సాధారణంగా ఫంక్షన్ల పాఠంలో, పై తప్పును క్లాసుల పాఠంలో చెప్తారు, వాటి మధ్య చుట్టరికం ఉందని ఎక్కడా చెప్పరు. ఎప్పుడు నడుస్తుంది అన్న ప్రశ్న రెండుచోట్లా ఒకటే.

సెల్ఫ్ మర్చిపోవడంలో ఇంకో రకం ఉంది. ఇనిట్‌లో సెల్ఫ్.పేరు = పేరు అనడానికి బదులు పేరు = పేరు అని రాస్తారు. అది ఫంక్షన్ లోపలి వేరియబుల్, ఫంక్షన్ అయిపోగానే పోతుంది. ఎర్రర్ అక్కడ రాదు, రవి.పేరు అని ఎప్పుడో అడిగినప్పుడు వస్తుంది. అలాగే ఒక మెథడ్ లోంచి ఇంకో మెథడ్‌ను సెల్ఫ్ లేకుండా సగటు() అని పిలవడం. జావా నుంచి వచ్చినవాళ్లు దీన్ని తప్పక చేస్తారు, అక్కడ చెల్లుతుంది. పైథాన్‌లో క్లాసు బ్లాకులోని పేర్లు మెథడ్ల లోపలికి వాటంతట అవి కనిపించవు, చుక్కతో అడిగితేనే దొరుకుతాయి. 2023 అక్టోబరులో వచ్చిన 3.12 వెర్షన్ నుంచి ఇలాంటి నేమ్ఎర్రర్ వస్తే, ఆ పేరు సెల్ఫ్ మీద ఉంటే, "మీ ఉద్దేశం సెల్ఫ్.సగటు అనా?" అని పైథానే అడుగుతుంది. బాగా చేశారు. పాత వెర్షన్‌తో నేర్చుకుంటున్నవాళ్లు కొత్తది వేసుకోవడానికి నా దృష్టిలో ఈ ఎర్రర్ సందేశాలే చాలు.

అవే సందేశాలు పట్టుకోలేనిది ఒకటుంది. సెల్ఫ్.మార్కులు అనబోయి సెల్ఫ్.మార్కలు = [] అని కొడితే పైథాన్ కిక్కురుమనదు. కొత్త పేరుతో కొత్త ఎట్రిబ్యూట్ (ఆబ్జెక్ట్ మీద చుక్కతో పెట్టే విలువ) పెట్టేస్తుంది. చదివేటప్పుడైతే పట్టుకునేది, ఇది రాయడం కదా.  కొందరు దీనికి డండర్ స్లాట్స్ (ఏ పేర్లు పెట్టొచ్చో ముందే కట్టడి చేసే ఏర్పాటు) వాడమంటారు. కొత్తవాళ్లకు అది ఇప్పుడే అవసరం లేదు.

నాకు ఇష్టమైన తప్పు ఒకటి చెప్తాను, చుక్క పాఠం ఎక్కిందా లేదా తేల్చే పరీక్షలాంటిది. ఇనిట్‌లో సెల్ఫ్.సగటు = 0 అని పెట్టి, కింద డెఫ్ సగటు అని మెథడ్ కూడా రాస్తారు. రవి.సగటు() అంటే ఇంట్ (పూర్ణాంకం) ఆబ్జెక్ట్‌ను పిలవడం కుదరదని పైథాన్ అంటుంది. మెథడ్ కళ్లముందే ఉంది, ఇంట్ ఎక్కడిది? చుక్క ముందు రవి సామాన్లు చూస్తుందని తెలిసినవాళ్లు రెండు క్షణాల్లో చెప్పేస్తారు. అక్కడే సున్నా దొరికింది, క్లాసు దాకా వెళ్లనే లేదు. తెలియనివాళ్లు మెథడ్ స్పేసింగ్ సరిచేస్తూ కూర్చుంటారు.

ఇనిట్ చుట్టూ ఉన్న చిల్లర తప్పుల మీద ఎక్కువ సమయం పెట్టను. ఇరువైపులా రెండేసి అండర్‌స్కోర్లు ఉండాల్సినచోట ఒక్కొక్కటే పెట్టడం, ఇనిట్‌కు బదులు ఇంట్ అని కొట్టడం, అప్పుడు క్లాసు ఆర్గ్యుమెంట్లేమీ తీసుకోదని ఎర్రర్ రావడం. ఇనిట్ నుంచి ఏదో రిటర్న్ చేయబోవడం. నన్ తప్ప ఇంకేదీ ఒప్పుకోదు. ఇవి ఒకసారి తగిలితే మళ్లీ తగలవు. పిల్ల క్లాసులో సొంత ఇనిట్ రాసి సూపర్().డండర్ ఇనిట్‌ను పిలవకపోవడం మాత్రం చిల్లరది కాదు. జావాలో మాతృ క్లాసు కన్‌స్ట్రక్టర్‌ను పిలవకపోయినా భాషే చాలాసార్లు పిలిచిపెడుతుంది. ఇక్కడ పిల్ల క్లాసులో ఇనిట్ దొరకగానే వెతుకులాట ఆగిపోతుంది, మాతృ క్లాసుది నడవదు. అది పెట్టాల్సిన ఎట్రిబ్యూట్లు లేవన్న ఎర్రర్ ఇంకెక్కడో, సంబంధం లేని మెథడ్‌లో వస్తుంది. ఇదీ చుక్క సంగతే, మళ్లీ చెప్పను.

ఇతర భాషల నుంచి మూటగట్టుకొచ్చిన అలవాట్లు వేరే లెక్క. వీటిని చుక్కకు ముడిపెట్టలేను, నా సిద్ధాంతానికి హద్దు ఇదే. ప్రతి ఎట్రిబ్యూట్‌కూ గెట్_పేరు, సెట్_పేరు అంటూ జంట మెథడ్లు రాయడం అందులో మొదటిది. జావాలో దానికి కారణం ఉంది: ఫీల్డును బయటపెట్టాక లోపల లెక్క మార్చాలంటే వాడేవాళ్ల కోడంతా మారాలి. పైథాన్‌లో ఆ భయం 2001లో వచ్చిన 2.2 వెర్షన్‌తోనే పోయింది, ప్రాపర్టీ వచ్చింది కాబట్టి. ఇవాళ రవి.పేరు మామూలు ఎట్రిబ్యూట్, రేపు దాని వెనక తనిఖీ కావాలంటే ప్రాపర్టీగా మార్చండి, వాడేవాళ్ల కోడ్‌లో ఒక్క అక్షరం మారదు. ముందుజాగ్రత్తగా రాసిన గెటర్లు చదివేవాళ్ల మీద బరువు తప్ప ఇంకేమీ కావు.

రెండోది ప్రైవేట్ అనుకుని ప్రతిదానికీ ముందు రెండు అండర్‌స్కోర్లు తగిలించడం. అది తాళం కాదు. సెల్ఫ్.__మార్కులు అని రాస్తే పైథాన్ దాన్ని లోపల _విద్యార్థి__మార్కులు అని మారుస్తుంది, ఆ పేరుతో ఎవరైనా బయటినుంచి అందుకోవచ్చు. పిల్ల క్లాసుల్లో అదే పేరు వాడినా ఢీకొనకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటు అది. "ఇది లోపలిది, ముట్టుకోకండి" అని చెప్పడానికి ఒక్క అండర్‌స్కోర్ చాలు. మర్యాద మీద నడిచే ఏర్పాటు, నిజమే. పెద్ద పెద్ద లైబ్రరీలు కూడా దాని మీదే నడుస్తున్నాయి.

అసలు క్లాసే రాయకుండా ఉండాల్సిందన్న వాదం కూడా ఉంది. పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్‌లో 2012లో జాక్ డిడరిచ్ అనే ప్రోగ్రామర్ దీని మీదే మాట్లాడారు: రెండే మెథడ్లున్న క్లాసు, అందులో ఒకటి ఇనిట్ అయితే, అది క్లాసు వేషం వేసుకున్న ఫంక్షన్. అనుభవం ఉన్నవాళ్ల కోడ్ గురించి అయితే నేను నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. కొత్తవాళ్ల విషయంలో మాత్రం దీన్ని దుడ్డుకర్రలా వాడటం చూస్తున్నాను. ఎవరో నేర్చుకుంటూ చిన్న క్లాసు రాసి చూపిస్తే, "దీనికి క్లాసెందుకు, ఫంక్షన్ చాలు" అని పంపేస్తారు. అవసరం లేని క్లాసు రాయకపోతే అవసరమైనది రాయడం ఎలా వస్తుంది? అక్కర్లేని క్లాసులు రాయనివ్వండి. అభ్యంతరం పెట్టాల్సింది పాఠాల మీద. జంతువు అనే క్లాసు, దాని కింద కుక్క, పిల్లి, ఒకటి మొరుగుతుంది, ఒకటి అరుస్తుంది. గుర్తుపెట్టుకోవాల్సిన స్థితి ఏదీ లేని ఆబ్జెక్టులు. అవి చూసినవాళ్లకు క్లాసు అంటే వారసత్వపు చెట్టు అన్న అభిప్రాయం పడుతుంది, సెల్ఫ్ మీద ఏదైనా దాచుకోవాల్సిన అవసరమే కనిపించదు. మార్కులు గుర్తుపెట్టుకునే విద్యార్థి ఆ పిల్లి కంటే నయం.

నా వాదనకు ఎదురుగా వినిపించే మాట ఒకటుంది: మొదటివారంలో ఇంత లోతు చెప్తే పారిపోతారు, ముందు అలవాటు పడనివ్వాలి, లోపలి సంగతులు తరవాత. డిస్క్రిప్టర్ల గురించి, మెటాక్లాసుల గురించి చెప్పమంటే ఆ మాట నిజమే. నేను అడిగేది అది కాదు. డేటాక్లాస్ సంగతే చూడండి. 2018లో 3.7తో వచ్చింది. పేరు, రకం రాస్తే ఇనిట్‌నూ, చక్కగా ప్రింట్ అయ్యే డండర్ రెప్ర్‌నూ, పోలికకు డండర్ ఈక్యూనూ అదే రాసిపెడుతుంది. అందులో మార్కుల రకం లిస్టు అని రాసి పక్కన = [] అని పెడితే వాల్యూఎర్రర్ ఇచ్చి, ప్రతి ఆబ్జెక్ట్‌కూ కొత్త లిస్టు చేసే డిఫాల్ట్_ఫ్యాక్టరీ వాడమంటుంది. అంటే ప్రామాణిక లైబ్రరీ రాసినవాళ్లే ఈ గోతికి కంచె కట్టారు. అందుకని మొదటినుంచీ డేటాక్లాసే నేర్పేద్దామనేవాళ్లతో నేను ఏకీభవించను. కంచె ఎందుకుందో తెలియాలంటే ఇనిట్‌ను చేత్తో ఒకటిరెండుసార్లు రాసి ఉండాలి. కంచె లేని మామూలు క్లాసులు ఎలాగూ వాళ్లకు ఎదురుపడతాయి.

నన్ను నేర్పమంటే ఇనిట్ కంటే ముందు ఖాళీ క్లాసు రాయిస్తాను, లోపల ఏ పనీ చేయని పాస్ అనే కీవర్డు తప్ప ఏమీ లేనిది. దానితో రవిని చేయించి, ఇంటర్‌ప్రెటర్‌లోనే రవి.పేరు = "రవి" అని బయటినుంచి పెట్టిస్తాను. వార్స్(రవి) చూపిస్తాను, అందులో పేరు కనబడుతుంది. క్లాసు మీద విద్యార్థి.గరిష్ఠం = 100 పెట్టించి, రవి.గరిష్ఠం అడిగిస్తాను. వంద వస్తుంది, కానీ వార్స్(రవి)లో అది ఉండదు. ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతాను. జవాబు వాళ్లే చెప్తారు. తరవాత బయట ఒక మామూలు ఫంక్షన్ రాయించి, ఒక పారామీటర్‌తో, దాన్ని పలకరించు అనే పేరుతో క్లాసుకు తగిలిస్తాను. విద్యార్థి.పలకరించు(రవి) అని పిలిపిస్తాను, ఆ వెంటనే రవి.పలకరించు() అని. రెండూ నడుస్తాయి. ఇంతవరకు సెల్ఫ్ అన్న మాటే రాలేదు. ఆ ఫంక్షన్‌ను క్లాసు బ్లాకు లోపలికి జరిపి, పారామీటర్ పేరు అప్పుడు సెల్ఫ్ అని మార్పిస్తాను. ఇనిట్ ఆ తరవాతి పాఠం.